వెర్నోనియా అని రాసే ముందు: మీ మొక్క ఇప్పుడు ఏ ప్రజాతిలో ఉందో తేల్చుకోవడం ఎలా

నర్సరీల్లో కర్టెన్ క్రీపర్ అని అమ్మే తీగ, చేల గట్ల మీద ఎవరూ నాటకుండానే మొలిచే సహదేవి, మూలికల కొట్లో పొట్లం కట్టి ఇచ్చే అడవి జీలకర్ర, నైజీరియాలో ఇళ్ల పక్కన పెంచుకుని ఆకు కూరలో వేసుకునే బిట్టర్ లీఫ్ పొద. చూడ్డానికి ఒకదానికొకటి పోలికే ఉండదు గానీ పాత పుస్తకాల్లో ఈ నాలుగూ ఒకే ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) కింద ఉంటాయి, అదే వెర్నోనియా. ఇప్పుడు నాలుగూ నాలుగు వేర్వేరు ప్రజాతుల్లోకి వెళ్లిపోయాయి, ఒక్కటి కూడా వెర్నోనియాలో మిగల్లేదు. అయినా నర్సరీ లేబుళ్ల మీద, మూలికల గురించి రాసే పేజీల్లో, కాలేజీ హెర్బేరియంలో ఎండబెట్టిన మొక్కలు అంటించి దాచే షీట్ల మీద ఇప్పటికీ అన్నీ వెర్నోనియాలే.

బోటనీ చదివేవాళ్లకీ, ఊరి చుట్టుపక్కల మొక్కలకి ఫొటోలు తీసి పేర్లు వెతికేవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మొక్క చేతిలో ఉన్నప్పుడు అది అసలు ఈ గుంపుదేనా, అయితే ఇప్పటి లెక్కలో ఏ ప్రజాతి, ఆ పేరు సరైనదని ఎక్కడ చూసుకోవాలి, చివరికి లేబుల్ మీద ఏం రాయాలి, ఈ వరుసలో వెళ్దాం. పేరు మారితే మొక్క మారిపోతుందా, ఇంత పట్టింపు ఎందుకు అనే మాట తరచుగా వింటుంటాను. మొక్క మారదు నిజమే, కానీ ఆ పేరుతో మీరు చదివే సమాచారం మారిపోతుంది. బిట్టర్ లీఫ్ మీద ఆఫ్రికాలో చేసిన పరిశోధన తెచ్చి "వెర్నోనియా గుణాలు" అని సహదేవికి అంటగట్టే పోస్టులు ఎన్నో తిరుగుతున్నాయి. ఆ రెండూ వేర్వేరు ప్రజాతులని తెలిసినవాళ్లు ఆ పని చేయరు.

ముందుగా, ఎందుకు విడదీశారు

ఇది తెలియకుండా కొత్త పేర్లు బట్టీ పడితే వారం తిరక్కుండా మర్చిపోతారు, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

వెర్నోనియా పేరు పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త ష్రేబర్, 1791లో. 17వ శతాబ్దం చివర్లో అమెరికాలోని మేరీలాండ్‌కి వెళ్లి మొక్కలు సేకరించిన విలియం వెర్నన్ అనే ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త గౌరవార్థం ఆ పేరు. ఈ ప్రజాతికి మూలనమూనాగా, అంటే పేరు కట్టుబడి ఉండే ఆధారంగా, నిలబడ్డ జాతి కూడా అమెరికాదే, వెర్నోనియా నోవెబొరాసెన్సిస్, అక్కడి జనం ఐరన్‌వీడ్ అంటారు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

19వ శతాబ్దంలో యూరప్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ ఎండబెట్టిన మొక్కలు కట్టలు కట్టలుగా చేరాయి. ఊదారంగు పూలు, గొట్టాల్లాంటి పుష్పకాలు (పూల గుంపులోని చిన్న చిన్న పూలు), ఒకదాని తర్వాత ఒకటిగా ఆకులు, గింజ మీద కుచ్చు. ఇవి కనిపించిన ప్రతి మొక్కనీ దాదాపుగా వెర్నోనియాలో వేస్తూ పోయారు. లెస్సింగ్ 1829లో మన సహదేవిని ఇందులో చేర్చాడు, ద కాండోల్ 1836లో మరెన్నో జాతులు చేర్చాడు, బెంథామ్ 1873లో ప్రజాతిని విశాలంగానే ఉంచాడు. చివరికి సుమారు 1,000 జాతులయ్యాయి. గట్టు మీది గడ్డిమొక్కలు, పొదలు, తీగలు, పశ్చిమ కనుమల్లో నిలువెత్తు చెట్లు, బ్రెజిల్ మైదానాల పొదలు, అన్నీ ఒకే గొడుగు కింద.

ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన దాయాదులైపోరు కదా, ఇక్కడా అదే జరిగింది. ముందు క్రోమోజోములు లెక్కపెట్టినప్పుడే తేడా బయటపడింది. అమెరికా ఖండాల మొక్కల్లో మూలసంఖ్య 17 దగ్గర ఉంటే, ఆసియా, ఆఫ్రికా మొక్కల్లో 9 లేదా 10. అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ జోన్స్ ఈ రెండు వైపుల్నీ విడిగా చూడాలని చెబుతూ వచ్చాడు. ఆ తర్వాత స్మిత్‌సోనియన్ సంస్థకి చెందిన హెరాల్డ్ రాబిన్సన్ గింజల నిర్మాణం, పుప్పొడి పైపొర, పూల రోమాలు ఇవన్నీ పట్టి చూసి 1999లో ఈ ప్రజాతిని పెద్ద ఎత్తున విడదీశాడు. 2007లో స్టెర్లింగ్ కీలీ బృందం డీఎన్ఏ ఆధారంగా వంశవృక్షం గీసింది. ఆ పరిశోధన పత్రం శీర్షికలోనే వెర్నోనియా, దాని దగ్గరి ప్రజాతులు ఉండే ఈ తెగని (ట్రైబ్) "దుష్ట తెగ" అన్నారంటే ఇందులో పనిచేసేవాళ్లని ఇది ఎంత ఏడిపించిందో ఊహించుకోండి. ఆ వంశవృక్షంలో ఆసియా, ఆఫ్రికా వెర్నోనియాలు, అమెరికా వెర్నోనియాలు ఒకే కొమ్మ మీద లేవు. మధ్యలో ఎలిఫెంటోపస్ లాంటి ఎప్పటి నుంచో వేరుగా గుర్తించిన ప్రజాతులు వచ్చి కూర్చున్నాయి.

ఇప్పుడు ఉన్న దారులు రెండే. ఆ మధ్యలో వచ్చిన ప్రజాతులన్నిటినీ కూడా వెర్నోనియాలో కలిపేసి తెగ మొత్తాన్నీ ఒకే ప్రజాతి చేసెయ్యడం, లేదా కొమ్మకొక పేరు పెట్టడం. మొదటి దారిలో ప్రజాతి అన్న మాటకి అర్థమే ఉండదు, అందుకే నేను గట్టిగా రెండో దారి వైపే. విడదీసినప్పుడు వెర్నోనియా అనే పేరు ఎవరికి మిగలాలి? నామకరణ నియమావళి ప్రకారం మూలనమూనా ఏ కొమ్మ మీద ఉంటే ఆ కొమ్మకే. నమూనా అమెరికా ఐరన్‌వీడ్ కాబట్టి పేరు అక్కడే ఉండిపోయింది, మనవైపు మొక్కలన్నిటికీ వేరే పేర్లు వెతకాల్సి వచ్చింది. ఈ రోజు అసలైన వెర్నోనియా అంటే అమెరికా ఖండాల్లో, ముఖ్యంగా ఉత్తర అమెరికాలో ఉండే కొద్ది జాతులే. న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఉన్న మనవాళ్లు వేసవి చివర్లో తడి నేలల్లో, వాగుల పక్కన మనిషెత్తు పెరిగి ముదురు ఊదారంగు పూలతో ఉన్న మొక్క చూస్తే అది నిజంగా వెర్నోనియానే కావచ్చు. డల్లాస్ వైపు పచ్చికబయళ్లలో దాని చుట్టం వెర్నోనియా బాల్డ్‌వినీ ఉంటుంది.

తుమ్మ చెట్ల విషయంలో దీనికి తలకిందులుగా జరిగింది. అకేషియా పేరుకి మూలనమూనానే మార్చి ఆ పేరుని ఆస్ట్రేలియా మొక్కలకి ఇచ్చేశారు, 2005లో వియన్నాలో తీసుకున్న ఆ నిర్ణయాన్ని 2011లో మెల్‌బోర్న్‌లో ఖాయం చేశారు, అందుకే మన నల్లతుమ్మ ఇప్పుడు వాచెల్లియా నిలోటికా. వెర్నోనియా దగ్గర అలాంటి పంచాయితీ ఏమీ జరగలేదు.

ఇంకొక్క మాట, కొత్త పేర్లు అని విసుక్కునేవాళ్ల కోసం. ఇవి చాలావరకు కొత్తవి కావు. బాకరాయిడిస్ అనే ప్రజాతిని మోంక్ 1794లోనే పెట్టాడు. జిమ్నాంథెమమ్ 1817లో కాసినీ పెట్టింది, ఎసిలెపిస్ 1825లో డాన్, సయాంథిలియం 1826లో బ్లూమె. తర్వాతివాళ్లు వీటిని వెర్నోనియాలో కలిపేస్తే మరుగునపడ్డాయి, ఇప్పుడు మళ్లీ బయటికి తీశారు. మన చుట్టూ కనిపించేవాటిలో నిజంగా కొత్తగా పుట్టిన పేరు కర్టెన్ క్రీపర్‌ది ఒక్కటే, అది 2008లో వచ్చింది.

పనికి కావలసినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే హ్యాండ్ లెన్స్, కొత్త బ్లేడు, సూది, ఒక నల్ల కాగితం ముక్క, స్కేలు. అంతే. ఫోన్‌లో మాక్రో ఉంటే ఇంకా మంచిది. అయితే వీటన్నిటికంటే ముఖ్యం సరైన కొమ్మ కోసుకోవడం. విచ్చుకున్న పూలూ ముదిరిన గింజలూ రెండూ ఉన్న కొమ్మ కావాలి. ఈ గుంపులో సగం తీర్పు గింజ చేతుల్లోనే ఉంటుంది, ఒట్టి పూల ఫొటో పెట్టి "ఇదేంటో చెప్పండి" అంటే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా ఒక దగ్గర ఆగిపోతారు. పూలు వాడి, కుచ్చులు విచ్చుకుని దూదిబంతిలా అయిన తలలు అదే కొమ్మ మీద కింది వైపు ఉంటాయి, వెతకండి.

ఇది వెర్నోనియా గుంపుదేనా?

మొదట చామంతి కుటుంబం అవునో కాదో చూడాలి, అది తేలిక. మనం పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు, దాన్ని శీర్షం అంటారు. నిలువుగా చీలిస్తే లోపల చిన్న చిన్న పుష్పకాలు ఒత్తుగా కూర్చుని కనిపిస్తాయి. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, గడ్డిచామంతి, వయ్యారిభామ అన్నీ ఈ కుటుంబమే.

ఆ తర్వాత తెగ. వెర్నోనియే అనే తెగని గుర్తించడానికి నేను చూసే వరుస ఇది. ఆకులు కాండం మీద ఒక్కొక్కటిగా, మార్చి మార్చి వచ్చాయా? ఎదురెదురుగా జంటగా వస్తే దాదాపు ఖాయంగా వేరే తెగ, అక్కడే ఆపేయవచ్చు. శీర్షం చుట్టూ రేకుల్లాంటి కిరణ పుష్పకాలు ఉన్నాయా? ఉండకూడదు, అన్నీ గొట్టాలే అయ్యుండాలి, అన్నీ ఒకే రకంగా ఉండాలి. రంగు ఊదా, గులాబీ, తెలుపు ఈ మూడింటి మధ్య ఉంటుంది, పసుపు పూలైతే వేరే వైపు వెతకండి. శీర్షం కింద ఆకుపచ్చ పుచ్ఛాలు (చిన్న ఆకుల్లాంటి పొరలు) పెంకుల వరసల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి చాలా వరసల్లో ఉండాలి. తుంచితే పాలు కారడం ఈ గుంపు లక్షణం కాదు.

చివరి పరీక్ష కీలం, అంటే పువ్వు ఆడ భాగంలోని సన్నటి కాడ, దీన్ని వదిలెయ్యకండి. సూదితో ఒక పుష్పకాన్ని బయటికి లాగి నల్ల కాగితం మీద పెట్టండి. గొట్టం పైన అయిదు సన్నటి తమ్మెలు, మధ్యలోంచి పైకి వచ్చిన కీలం రెండుగా చీలి కొమ్ముల్లా వంకర తిరిగి ఉంటుంది. ఆ రెండు కొమ్మలూ పొడుగ్గా, కొనకి వచ్చేసరికి సన్నబడుతూ ఉంటాయి, వెనకవైపు పొట్టి రోమాలు ఉంటాయి, ఆ రోమాలు చీలిక దగ్గరే ఆగిపోకుండా కింద కాండంలాంటి భాగం మీదికి కూడా దిగుతాయి. లెన్స్‌లో ఇది స్పష్టంగా కనిపించిన క్షణం నుంచీ ఈ తెగని మళ్లీ ఎప్పుడూ మర్చిపోరు, నిజంగా చూసి తీరాల్సిన దృశ్యం.

మన దగ్గర మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా ఎమీలియా సోంకిఫోలియా, ఇదీ గట్ల మీదే ఉంటుంది, ఇదీ ఊదారంగే, సహదేవి అని దీని ఫొటో పెట్టినవి ఎన్నో చూశాను. శీర్షం కింద చూడండి. ఎమీలియాలో పుచ్ఛాలు ఒకే ఒక్క వరసలో, నున్నటి చిన్న గొట్టంలా ఉంటాయి, సహదేవిలో చాలా వరసలు. పై ఆకులు కూడా ఎమీలియాలో కాండాన్ని చెవుల్లా చుట్టుకుంటాయి. అజరేటమ్, క్రోమోలీనా రెండింటికీ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, కాబట్టి మొదటి మెట్టులోనే పోతాయి. బ్లూమియా జాతుల్లో ఆకులు మార్చి మార్చి ఒక్కొక్కటిగానే ఉంటాయి, కొన్నింటి పూలు ఊదారంగులోనే ఉంటాయి, అవి కాస్త ఇబ్బంది పెడతాయి. కానీ శీర్షం చీలిస్తే అంచు వైపు దారాల్లా సన్నటి ఆడ పుష్పకాలు, మధ్యలో లావు గొట్టాలు, అంటే రెండు రకాలు కనిపిస్తాయి. వెర్నోనియే తెగలో రెండు రకాలు ఉండవు.

ఏ ప్రజాతి?

తెగ తేలాక అసలు పని. మొక్క తీరు, శీర్షంలో పుష్పకాల సంఖ్య, గింజ మీద గాడులు, కుచ్చు, ఈ నాలుగూ కలిపి చూడాలి. ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

సహదేవి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అది ఎక్కడైనా దొరుకుతుంది. గరిటికమ్మ అని కూడా అంటారు. మోకాలెత్తు దాటడం అరుదు, సన్నటి కాండం, కింది ఆకులు వెడల్పుగా పైకి వెళ్లేకొద్దీ సన్నగా, కొమ్మల చివర వదులుగా చిన్న చిన్న శీర్షాలు, ఒక్కో శీర్షంలో సుమారు 20 పుష్పకాలు. గింజని లెన్స్ కింద పెట్టి తిప్పండి, నిలువు గాడులు పెద్దగా కనిపించవు, పైన రోమాలు ఉంటాయి, కుచ్చు తెల్లగా. ఈ గాడులు లేకపోవడమే సయాంథిలియం ప్రజాతిని పట్టించే పెద్ద గుర్తు, ఎందుకంటే పాత వెర్నోనియాల్లో చాలావాటికి గింజ మీద పది గాడులు కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఆకుల మీద రోమాలు ఇంగ్లిష్ టి అక్షరం ఆకారంలో ఉంటాయి, అది చూడాలంటే మాత్రం మైక్రోస్కోప్ కావాలి. లిన్నేయస్ 1753లో దీన్ని కొనైజా సినరియా అన్నాడు, లెస్సింగ్ వెర్నోనియా సినరియా చేశాడు, రాబిన్సన్ 1990లో సయాంథిలియం సినరియం చేశాడు. థాయ్‌లాండ్‌లో పొగతాగడం మానిపించడానికి వాడే మూలిక ఇదే, ఆ పరిశోధనలు చదవాలంటే పాత పేరూ కొత్త పేరూ రెండూ పెట్టి వెతకాలి.

అడవి జీలకర్ర వేరే తరహా. విషకంటకాలు అనే పేరుతోనూ మూలికల పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇది నిటారుగా, బలంగా పెరిగే ఏకవార్షికం, ఆకుల అంచులు రంపపు పళ్లలా, శీర్షాలు సహదేవి కంటే ఎన్నో రెట్లు పెద్దవి, ఒక్కోదానిలో 40 దాకా పుష్పకాలు. బయటి పుచ్ఛాలు చిన్న ఆకుల్లా ఉండటం దీని ముద్ర. గింజ పొడుగ్గా, ముదురు రంగులో, పది గాడులతో, పైన కుచ్చు కాస్త ఎర్రటి ఛాయలో ఉండి తేలిగ్గా రాలిపోతుంది. ఇప్పటి పేరు బాకరాయిడిస్ ఆంథెల్మింటికా. మందుల పరిశోధన పత్రాల్లో మాత్రం సెంట్రాథెరమ్ ఆంథెల్మింటికమ్ అనే మూడో పేరు బాగా పాతుకుపోయింది, కాబట్టి ప్రాజెక్టు రాసే విద్యార్థులు మూడు పేర్లతోనూ వెతక్కపోతే సగం సమాచారం చేజారిపోతుంది.

దీని దగ్గరే ఒక హెచ్చరిక చెప్పాలి. సోమరాజి అనే సంస్కృతం పేరు దీనికీ ఉంది, బావంచాలకీ ఉంది. బావంచాలు చిక్కుడు కుటుంబం మొక్క, కులెన్ కొరిలిఫోలియం, చామంతి కుటుంబంతో ఏ సంబంధమూ లేదు. రెండూ సంప్రదాయ వైద్యంలో బొల్లి మచ్చలకి వాడినవే కావడంతో గందరగోళం మరింత పెరిగింది. బావంచాల్లో సొరాలెన్ అనే రసాయనం ఉంటుంది, అది ఒంటికి తగిలాక ఎండ పడితే చర్మం కాలిపోగలదు. కాబట్టి పొట్లం మీద పేరు చూసి నమ్మొద్దు, గింజ చూడండి. పొడుగ్గా గాడులతో జీలకర్ర తీరులో ఉంటే అడవి జీలకర్ర, నల్లగా చదునుగా మూత్రపిండం ఆకారంలో ఉంటే బావంచాలు. ఏది అని తేలినా సరే, వైద్యుడిని అడక్కుండా వాడొద్దు, ఈ గైడ్ పేరు కోసమే, మందు కోసం కాదు.

కర్టెన్ క్రీపర్‌ని గుర్తుపట్టడానికి లెన్స్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ల పిట్టగోడల మీంచి, ఫ్లైఓవర్ల అంచుల నుంచి పచ్చటి తెరలా కిందికి వేలాడేది ఇదే. ఆకు తిప్పి చూస్తే వెనక వెండిరంగు మెత్తటి నూగు. పూలు చాలామంది గమనించరు, చిన్నగా, తెలుపులో లేత ఊదా కలిసి, ఒక్కో శీర్షంలో అయిదు పుష్పకాల చొప్పున ఉంటాయి. మయన్మార్, థాయ్‌లాండ్ వైపు నుంచి వచ్చిన మొక్క. నర్సరీల్లో వెర్నోనియా ఎలియగ్నిఫోలియా అనో వెర్నోనియా ఎలిప్టికా అనో రాసి ఉంటుంది, ఇప్పటి పేరు టార్ల్‌మౌనియా ఎలిప్టికా. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. డీఎన్ఏలో చూసినా పుప్పొడిలో చూసినా ఇది వేరే ఏ ప్రజాతిలోనూ సరిగ్గా ఇమడలేదు, అందుకే రాబిన్సన్, కీలీ, మరికొందరు కలిసి 2008లో దీనికోసం విడిగా ప్రజాతి పెట్టారు.

బిట్టర్ లీఫ్ అసలైన పొద, మనిషెత్తు దాటి చిన్న చెట్టంత అవుతుంది. వెడల్పాటి గుత్తులుగా తెల్లటి శీర్షాలు, నమిలితే నోరంతా చేదు. జిమ్నాంథెమమ్ అమిగ్డలినమ్ అని ఇప్పటి పేరు. నైజీరియాలో ఇగ్బోలు ఒనుగ్బు అంటారు, ఆకుని బాగా నలిపి, కడిగి చేదు తీసి పులుసు చేస్తారు. టాంజానియాలోని మహాలె కొండల్లో జబ్బుపడ్డ చింపాంజీ దీని బెరడు తీసి లోపలి గుజ్జు నమలడాన్ని హఫ్‌మన్ గమనించి 1989లో రాశాడు, జంతువులు తమకి తాము వైద్యం చేసుకుంటాయా అనే చర్చలో అది మైలురాయి లాంటిది. ఆ మొక్క ఇది, సహదేవి కాదు. చింపాంజీ కథని సహదేవి కింద రాసినవి కనిపిస్తే దయచేసి సరిదిద్దండి.

మిగిలినవి క్లుప్తంగా. తూర్పు కనుమల కొండల మీద నిటారుగా, గట్టి కాండంతో, పుచ్ఛాల కొనలు సూదిగా ఉన్న బహువార్షికాలు కనిపిస్తే ఎసిలెపిస్ వైపు చూడండి, పాత వెర్నోనియా డైవర్జెన్స్ లాంటివి ఇప్పుడు అక్కడ ఉన్నాయి. పశ్చిమ కనుమల చెట్టు వెర్నోనియా ఆర్బోరియా ఇప్పుడు స్ట్రోబోకాలిక్స్ ఆర్బోరియా. ఇథియోపియా నూనెగింజ వెర్నోనియా గలామెన్సిస్ సెంట్రాపలస్‌లోకి వెళ్లింది. బ్రెజిల్ పొదలు వెర్నోనాంథ్యూరా, లెపిడాప్లోవా, లెస్సింగియాంథస్ అంటూ చాలా ముక్కలయ్యాయి, అటువైపు పని ఉన్నవాళ్లకి రాబిన్సన్ 1999 వర్గీకరణే ఇప్పటికీ మొదటి మెట్టు.

పేరు సరిచూసుకోవడం

మొక్క తేలినా పేరు గుర్తున్నట్టే రాసేయకండి. క్యూ గార్డెన్స్ నడిపే ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్ తెరిచి పాత పేరు కొట్టండి, అది దేనికి పర్యాయనామమో చూపిస్తుంది. అక్కడి నుంచి ఇప్పటి పేరు పేజీకి వెళ్లి సహజంగా ఏ దేశాల్లో పెరుగుతుందో చూడండి. మీరు మొక్క చూసిన చోటు ఆ జాబితాలో లేకపోతే, అది పెంపుడు మొక్క కూడా కాకపోతే, మళ్లీ గింజ దగ్గరికి వెళ్లాల్సిందే. చామంతి కుటుంబానికి ప్రత్యేకంగా గ్లోబల్ కంపోజిటే డేటాబేస్ ఉంది, అక్కడ కూడా ఒకసారి పోల్చుకోండి. రెండు చోట్లా తేడా వస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఏదో ఒకదాన్ని పాటించి, దేన్ని పాటించారో, ఏ తేదీన చూశారో పక్కన రాసుకుంటే చాలు.

పేరు పక్కన రచయిత పేర్లు వదిలేయడం మన దగ్గర బాగా అలవాటు. సయాంథిలియం సినరియం (ఎల్.) హెచ్.రాబ్. అని ఉందంటే, బ్రాకెట్లో ఉన్నాయన, అంటే లిన్నేయస్, ఆ జాతికి మొదట పేరు పెట్టాడు, బయట ఉన్నాయన దాన్ని ఈ ప్రజాతిలోకి మార్చాడు అని. మొక్క ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేస్తుంది, అందుకే రాయమంటాను. పేరు చివర కూడా చూసుకోండి. ప్రజాతి పేరు నపుంసక లింగం అయితే సినరియా కాస్తా సినరియం అవుతుంది, అమిగ్డలినా అమిగ్డలినమ్ అవుతుంది. సయాంథిలియం సినరియా అని రాసినవి అచ్చులో కూడా కనిపిస్తాయి, అది తప్పు.

పాత పుస్తకాలు పారేయకండి. కోస్తా, రాయలసీమ మొక్కలకి గ్యాంబుల్ మద్రాస్ ప్రెసిడెన్సీ ఫ్లోరా ఇప్పటికీ గొప్ప ఆధారం, అందులో ఇవన్నీ దాదాపు వెర్నోనియా కిందే ఉంటాయి. అయినా ఆయన ఇచ్చిన కీ (లక్షణాలు ఒక్కొక్కటిగా చూస్తూ పేరు దాకా తీసుకెళ్లే పట్టిక) నడిచేది పుచ్ఛాలు, గింజలు, పుష్పకాల మీద, అవేవీ మారలేదు కదా. కీతో చివరిదాకా వెళ్లండి, వచ్చిన పేరుని ఆన్‌లైన్‌లో ఇప్పటి పేరుకి మార్చుకోండి. నా మట్టుకు నాకు ఈ గుంపు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి కనిపించలేదు. ఫోన్ యాప్‌లు ఫొటో చూసి చెప్పే పేరుని ఆరంభంగా మాత్రమే తీసుకోండి, వాటికి గింజ మీద గాడులు కనిపించవు.

లేబుల్ మీద ఏం రాయాలి

ఇప్పటి పేరు రచయితలతో సహా, దాని కింద మీకు పుస్తకంలో దొరికిన పాత పేరు, ఊరు, మండలం, జిల్లా, తేదీ, మొక్క ఎత్తు, ఆ ఊళ్లో పిలిచే పేరు. పూల రంగు తప్పకుండా రాయండి, ఎండితే ఊదారంగు వెలిసిపోతుంది, తర్వాత చూసేవాళ్లకి తెలియదు. ముదిరిన గింజలు కొన్ని చిన్న కాగితపు కవరులో వేసి షీటుకి అంటించండి, లేకపోతే న్యూస్‌పేపర్ మార్చేటప్పుడే రాలిపోతాయి. ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లు మొక్క మొత్తం, ఆకు రెండు వైపులా, శీర్షం పక్క నుంచి, చీల్చిన శీర్షం, గింజ, ఇవన్నీ విడివిడిగా ఫొటోలు తీసి పెట్టండి.

ప్రజాతి తేలకపోతే వెర్నోనియే తెగ అని రాసి ఆపేయండి. అది పూర్తిగా సరైన సమాధానమే, తర్వాత గింజలు దొరికినప్పుడు ముందుకు వెళ్లవచ్చు. తెలియకపోతే అలవాటుగా వెర్నోనియా అని రాసేయడం మాత్రం వద్దు, ఇప్పుడు ఆ పేరుకి అర్థం అమెరికా మొక్క అని.

కాలేజీ హెర్బేరియంలో పాత షీట్లు సరిచేసే పని మీ మీద పడితే పాత లేబుల్ కొట్టేయొద్దు, పీకేయొద్దు, దాని మీద తెల్ల ఇంకు పూయొద్దు. షీటు మీద ఖాళీ ఉన్న చోట చిన్న చీటీ అంటించి ఇప్పటి పేరు, సరిచూసినవాళ్ల పేరు, సంవత్సరం రాయండి. రేపు మళ్లీ ఎవరైనా విడదీసినా కలిపినా, వాళ్ల చీటీ మీ చీటీ పక్కన అంటిస్తారు.